"నేనొస్తే ఓడిపోతారు నాన్నా" అంటున్న పాపని మళ్ళీ టీవీ ముందుకి ఎలా పిలవాలి?

ప్రశ్న:

నమస్తే అండీ. మా ఇంట్లో అందరికీ క్రికెట్ పిచ్చి, నాకు మరీ ఎక్కువ. 2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్ రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందే కూర్చున్నాం. మా పాపకి అప్పుడు తొమ్మిదేళ్లు. లోపల గదిలో కప్పు బొమ్మ గీసి రంగులేసి, నాకు చూపిద్దామని పరిగెత్తుకుంటూ హాల్లోకి వచ్చింది, సరిగ్గా అదే బంతికి కోహ్లీ ఔటయ్యాడు. నేను ఒళ్ళు మర్చిపోయి "ఎవరు రమ్మన్నారే నిన్ను, వచ్చి వికెట్ తీసేశావ్, పో లోపలికి" అని అరిచేశా. రాత్రి మ్యాచ్ పోయాక ఇంకోసారి కూడా అన్నా. తర్వాత 2024 టీ20 ఫైనల్‌కి నిద్రొస్తోందని తను హాల్లోకి రాలేదు. మనం గెలిచాం. మా బావమరిది నవ్వుతూ "చూశావా బావా, ఐరన్ లెగ్ లోపలుంటే కప్పు మనదే" అన్నాడు, అందరం నవ్వాం, నేను కూడా నవ్వా. 2025లో మన అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్ రోజు ఎంత బతిమాలినా రానంది, "నేనొస్తే ఓడిపోతారు నాన్నా" అంది. చివరి వికెట్ పడ్డాక గది తలుపు కొంచెం తీసి "అయిపోయిందా, ఇప్పుడు రావచ్చా" అని అడిగింది. అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. పిల్లకి సెంటిమెంట్లు బాగా ఎక్కువైపోయాయి. మా బాబుకి 15 ఏళ్లు, వాడు మ్యాచ్ పోతే ఫోన్ పట్టుకుని ప్లేయర్లని బూతులు టైప్ చేస్తాడు, ఇదేంట్రా అంటే "నువ్వు అరవట్లేదా" అంటాడు. ఇంకో పెద్ద ఫైనల్ వస్తోంది, అసలు కలిసి చూడటమే మానేద్దాం అంటోంది మా ఆవిడ. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ, "ఇప్పుడు రావచ్చా" అన్న మాట దగ్గర రెండుసార్లూ ఆగిపోయా. ముందు మీ ఆవిడ అడిగినదానికి చెప్తా, కలిసి చూడటం మాత్రం మానెయ్యొద్దు. మానేస్తే మీ పాపకి దానికి ఒకటే అర్థం కనిపిస్తుంది, నా వల్ల ఇంట్లో మ్యాచ్ పెట్టడమే ఆపేశారు అని. ఇప్పటికే రెండేళ్లుగా మోస్తున్నదాని మీద ఇంకో మూట పెట్టినట్టు అవుతుంది.

ఇంకొకటి, పిల్లకి సెంటిమెంట్లు ఎక్కువైపోయాయి అని రాశారు కదా, అది సెంటిమెంట్ కాదండీ, తను మీ మాట నమ్మింది, అంతే. తొమ్మిదేళ్ల పిల్లకి క్రికెట్ గురించి తెలిసినవన్నీ మీ దగ్గర తెలుసుకున్నవే కదా, ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏంటో మీరే చెప్పుంటారు, నో బాల్‌కి ఫ్రీ హిట్ ఎందుకిస్తారో మీరే చెప్పుంటారు, అవన్నీ నిజాలే అయినప్పుడు "నువ్వొచ్చి వికెట్ తీసేశావ్" అన్న మాట ఒక్కటే నిజం కాదని తనకెలా తెలుస్తుంది చెప్పండి. ఆ వయసు పిల్లలు మామూలుగానే ఇంట్లో ఏం జరిగినా దానికి కారణం తామే అనుకుంటారు, అమ్మానాన్నా గొడవపడినా నా వల్లేనేమో అనుకుంటారు. ఇక్కడైతే మీరే నోరు తెరిచి చెప్పారు, అదీ ఒకే రోజు రెండుసార్లు. తర్వాత ఏడు నెలలకి మ్యాచ్ గెలిచి, మామయ్య నవ్వి, నాన్న నవ్వి, తను అనుకున్నది కరెక్టే అని తేల్చేశారు. లోపల పడుకున్న పిల్లకి ఆ నవ్వులు వినిపించలేదనే అనుకుంటున్నారా? కప్పు గెలిచిన రాత్రి ఇంట్లో జరిగే గోలకి ఏ పిల్లా పడుకోదండీ.

కాబట్టి మొదటి పని సారీ చెప్పడం, దీనికి వేరే దారి లేదు. ఎలా చెప్తారన్నది కూడా ముఖ్యమే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. మ్యాచ్ రోజు మాత్రం చెప్పొద్దు, ఆ రోజు చెప్తే నన్ను హాల్లోకి రప్పించడానికి అంటున్నాడు అనుకుంటుంది. ఏ మ్యాచ్ లేని రోజు, టీవీ ఆపేసి ఉన్నప్పుడు, మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "ఆ రోజు నువ్వు బొమ్మ చూపిద్దామని వచ్చావు, నేను నీ మీద అరిచా, నువ్వు వికెట్ తీశావన్నా, అది తప్పు మాట, నువ్వేం చెయ్యలేదు, సారీ నాన్నా" ఇంతే చాలు. దీని తర్వాత "కానీ" అని ఇంకో వాక్యం మొదలెట్టొద్దు, ఆ రోజు టెన్షన్‌లో ఉన్నా, అంత ఇంపార్టెంట్ మ్యాచ్, కోహ్లీ అప్పుడే 50 దాటాడు అని వివరణ ఇచ్చారంటే అది సారీ అవ్వదు, మళ్ళీ మీ కేసు మీరే వాదించుకోవడం అవుతుంది. తను ఏమీ అనకపోవచ్చు, "సర్లే నాన్నా" అని లేచి వెళ్ళిపోవచ్చు, వెళ్ళనివ్వండి, వెనకాలే వెళ్ళి ఓకేనా ఓకేనా అని అడగొద్దు. 2024లో నవ్వినందుకు కూడా విడిగా చెప్పండి, నాకైతే అరుపు కన్నా ఆ నవ్వే ఎక్కువ లోతుగా దిగిందనిపిస్తోంది, ఎందుకంటే అరుపు కోపంలో వచ్చింది, ఆ నవ్వు సంతోషంలో వచ్చింది.

అవునూ, ఆ బొమ్మ ఏమైంది? ఉత్తరంలో దాని గురించి మళ్ళీ ఎక్కడా లేదు. ఒకవేళ ఇంట్లోనే ఎక్కడైనా ఉంటే, తనకి ఇష్టమైతే, ఒకసారి చూపించమని అడగండి, ఆ రోజు చూడలేదు కదా మీరు.

ఇప్పుడు రెండో పని. సారీ చెప్తే మనసు కొంచెం తేలికపడుతుంది గానీ, తన లెక్క తప్పని తనకి తెలియాలి. పదకొండు పన్నెండేళ్ల పిల్లకి "అదంతా ఏం లేదులే" అంటే సరిపోదు, వాళ్ళకి కారణాలు కావాలి. అందుకని తీరికున్న రోజు తనతో కూర్చుని 2023 ఫైనల్ హైలైట్స్ పెట్టండి. మీకు చూడబుద్ధి కాదని తెలుసు, నాకూ కాదు, అయినా పెట్టండి. మనం నిజంగా ఎందుకు ఓడిపోయామో ఇద్దరూ కలిసి వెతకండి. టాస్ గెలిచి ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ ముందు బౌలింగ్ తీసుకున్నాడు, అహ్మదాబాద్ పిచ్ మధ్యాహ్నం స్లోగా ఉంది, బంతి బ్యాట్ మీదకి రాలేదు, రాత్రి లైట్ల కింద బ్యాటింగ్ తేలికైంది. రోహిత్ 31 బంతుల్లో 47 కొట్టి ఊపు మీదున్నప్పుడు మాక్స్‌వెల్ బౌలింగ్‌లో బంతి గాల్లోకి లేచింది, ట్రావిస్ హెడ్ వెనక్కి పరిగెత్తి డైవ్ చేసి పట్టాడు, ఆ క్యాచ్ స్లో మోషన్‌లో చూపించండి, అసలు మ్యాచ్ అక్కడే తిరిగింది. ఆ వెంటనే శ్రేయస్ కూడా ఔటై, ఆ తర్వాత 97 బంతుల పాటు ఒక్క బౌండరీ రాలేదు. మీ పాప హాల్లోకి వచ్చేసరికి మూడు వికెట్లు పడిపోయి, పరుగులు ఎండిపోయి ఉన్నాయండీ! కమిన్స్ వేసిన బంతి కోహ్లీ బ్యాట్ లోపలి అంచుకి తగిలి వికెట్ల మీదకి పోయింది, ఆ షాట్ చూపించి, పాజ్ చేసి, బ్యాట్ ఎక్కడుంది బంతి ఎక్కడుంది తననే చెప్పనివ్వండి.

ఇంకా చూడండి. మనం 240కి ఆలౌట్. వాళ్ళకి 47 పరుగులకే మూడు వికెట్లు పడ్డాయి. ఆ మూడింట్లో స్మిత్‌ది ఎల్‌బీడబ్ల్యూ, రీప్లేలో చూస్తే బంతి ఆఫ్ స్టంప్ బయట తగిలింది, రివ్యూ అడిగుంటే నాటౌట్, కానీ అతను అడగకుండానే వెళ్ళిపోయాడు. అంటే ఆ రోజు అదృష్టం మనవైపు కూడా వచ్చింది, పాప ఇంట్లో ఉన్నప్పుడే వచ్చింది. తర్వాత హెడ్, లబుషేన్ ఇద్దరూ కలిసి 192 పరుగులు పెట్టారు, హెడ్ 120 బంతుల్లో 137. ఆ హెడ్‌కి టోర్నీ ముందు చెయ్యి విరిగితే టీమ్ అతన్ని వదిలెయ్యకుండా, నయమయ్యేదాకా స్క్వాడ్‌లోనే ఉంచుకుని ఎదురుచూసింది. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన టీమ్ అది, అందులో ఒకటి మన మీదే. ఇవన్నీ కారణాలు. ఈ లిస్టులో తొమ్మిదేళ్ల పిల్ల ఎక్కడుందో తననే వెతకమనండి.

తర్వాత 2024 ఫైనల్ పెట్టండి. తన లెక్క ప్రకారం తను లోపలుంది కాబట్టి గెలిచాం. సరే, అదే లెక్క పట్టుకుని అడగండి. మన స్కోరు 34కే మూడు వికెట్లు పోయినప్పుడు నువ్వెక్కడున్నావ్? లోపల. సౌతాఫ్రికా బ్యాటర్ క్లాసెన్ చెలరేగి, అక్షర్ పటేల్ ఒక్క ఓవర్లో 24 పరుగులు ఇచ్చినప్పుడు? లోపలే. సౌతాఫ్రికాకి 30 బంతుల్లో 30 పరుగులే కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి, ఆ టైమ్‌కి దాదాపు అందరం మ్యాచ్ వదిలేసుకున్నాం, అప్పుడు? అప్పుడూ లోపలే. అంటే చెడ్డ ఓవర్లూ తను లోపలున్నప్పుడే పడ్డాయి, మంచి ఓవర్లూ లోపలున్నప్పుడే పడ్డాయి. 17వ ఓవర్ మొదటి బంతికి హార్దిక్ క్లాసెన్‌ని ఔట్ చేశాడు, 18వ ఓవర్ బుమ్రా వేసి రెండే పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు, 19వ ఓవర్లో అర్ష్‌దీప్ నాలుగే ఇచ్చాడు, చివరి ఓవర్ మొదటి బంతికి సూర్యకుమార్ బౌండరీ రోప్ పక్కన మిల్లర్ క్యాచ్ పట్టాడు. ఏడు పరుగుల తేడాతో గెలిచాం. ఇదంతా తనే నోటితో చెప్పుకుంటూ వస్తే, మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, పన్నెండేళ్ల పిల్లకి లెక్క అర్థమవుతుంది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి, మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ఆయనే గుర్తొచ్చాడు. 2003 మార్చి 23, జొహనెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియాతో వరల్డ్ కప్ ఫైనల్. నాకు పన్నెండేళ్లు. మా నాన్నకి ఒక పాత డైరీలో స్కోర్లు రాసే అలవాటుండేది, పెద్ద మ్యాచ్ ఉంటే పెన్సిల్ చెక్కి నా చేతికిచ్చి ఓవర్ అయ్యాక ఎన్ని వచ్చాయో నాతో రాయించేవాడు. ఆ రోజు జహీర్ ఖాన్ మొదటి ఓవర్‌లోనే వైడ్లూ నో బాల్స్‌తో కలిపి 15 పరుగులు వెళ్ళిపోయాయి. రాశా. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు, పాంటింగ్ 140 నాటౌట్, 50 ఓవర్లయ్యేసరికి రెండు వికెట్లకి 359. ఆ 359 నేను రాయనన్నా. ఏడుపొచ్చేస్తోంది, పెన్సిల్ కింద పడేశా. ఆయన కోప్పడలేదు, వంగి పెన్సిల్ తీసి మళ్ళీ నా వేళ్ళ మధ్య పెట్టి "వాళ్ళు కొట్టింది కూడా రాయాలి, రాయి" అన్నాడు. నేను కసి కొద్దీ ఎంత నొక్కి రాశానంటే 9 దగ్గర కాగితం చిరిగి చిల్లు పడింది. తర్వాత మన బ్యాటింగ్, మొదటి ఓవర్లోనే సచిన్ నాలుగు పరుగులకి ఔట్. ఆ టైమ్‌లో నేను మంచినీళ్ళకని లేచి ఉన్నా, నిజంగా లేచే ఉన్నా, వెనక్కి తిరిగి భయంగా ఆయన మొహం చూశా. ఆయన టీవీ వైపే చూస్తూ "మెక్‌గ్రాత్ బాగా వేశాడురా" అన్నాడు. నాకది ఇప్పటికీ నిన్న విన్నట్టే ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో ఆయన నన్ను ఏమైనా అనొచ్చు, అంటే నేను నమ్మేసేవాణ్ణి, మీ పాపలాగే.

మ్యాచ్ అయిపోయాక 234 ఆలౌట్ అని కూడా రాయించాడు. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, బాధపడ్డాడని తెలుస్తూనే ఉంది, రాత్రి పడుకోబోయే ముందు "ఇవాళ నాకు చాలా బాధగా ఉందిరా" అన్నాడు, అంతే, ఆ బాధ ఎవరి మీదా పడలేదు. ఎనిమిదేళ్ల తర్వాత 2011 ఏప్రిల్ 2న వాంఖడే ఫైనల్ టైమ్‌కి ఆ పాత డైరీ వెతికి తెచ్చాడు. అదే జహీర్ ఖాన్, మళ్ళీ ఫైనల్లో మొదటి ఓవర్, ఈసారి మెయిడెన్, అంటే ఒక్క పరుగూ ఇవ్వలేదు, తర్వాత ఇంకో మెయిడెన్, తర్వాత ఇంకోటి. వరసగా మూడు మెయిడెన్లు! నాన్న ఆ చిల్లు పడ్డ పేజీ తీసి, 15 అని ఉన్న చోటు కింద తనే మూడు సున్నాలు రాసి నాకు చూపించాడు. ఆ రాత్రి ధోనీ సిక్స్ అందరికీ గుర్తుంటుంది, నాకు మాత్రం ఆ మూడు సున్నాలే ముందు గుర్తొస్తాయి.

ఇది మీకెందుకు చెప్తున్నానంటే, మీ పాప చేతికి కూడా ఒక పని ఇవ్వండి అని. మ్యాచ్ చూసేటప్పుడు మనం ఈ సెంటిమెంట్లన్నీ ఎందుకు పట్టుకుంటాం? చేతిలో ఏమీ ఉండదు కాబట్టి. ఎక్కడో ఆడుతున్న ఆటని మనం ఆపలేం, మార్చలేం, కానీ ప్రాణం మాత్రం అక్కడే ఉంటుంది, అందుకే ఇదే కుర్చీ, ఇదే చొక్కా, ఎవరూ కదలొద్దు అని ఏదో ఒకటి మన చేతిలో ఉన్నట్టు చేసుకుంటాం. ఇది తప్పని నేను అనట్లేదు, మీ చొక్కా మీ ఇష్టం. కానీ పక్క మనిషి కదలికల్ని, అదీ ఒక పిల్లని, ఆ లెక్కలోకి లాగితే మాత్రం అది ఆట కాదు. స్కోర్ రాసే పని ఉంటే చేతులు ఊరికే ఉండవు, పైగా ఏ బంతికి ఏమైందో కాగితం మీద ఉంటుంది, ఎవరు ఎప్పుడు లేచారన్నది అందులో ఉండదు.

మీ సంగతికొస్తే, మీకూ ఒక కుర్చీ ఉండే ఉంటుంది, రాయకపోయినా నాకు తెలుసు. దాన్ని పాప కళ్ళ ముందే మీరు వదిలెయ్యాలి. ఫైనల్‌లో కాదు, అంతకన్నా ముందు ఏదైనా చిన్న మ్యాచ్‌లో, మంచి రసవత్తరంగా ఉన్నప్పుడు లేచి వెళ్ళి వేరే చోట కూర్చోండి. వికెట్ పడొచ్చు, పడనివ్వండి. పడ్డాక మీరు ఏమంటారో తను వింటుంది, "మంచి బంతి వేశాడు" అనండి. ఇలా నాలుగైదు మ్యాచ్‌లు తను దూరం నుంచైనా చూస్తే మీ సారీకి బలం వస్తుంది. ఇంకో మంచి ఉపాయం, మనవాళ్ళు ఆడని మ్యాచ్‌లు ఇద్దరూ కలిసి చూడండి, ఎవరు గెలిచినా ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు కాబట్టి తను తేలిగ్గా కూర్చోగలదు. 2019 వరల్డ్ కప్ ఫైనల్ దొరికితే అది చూపించండి. ఇంగ్లండ్, న్యూజిలాండ్ ఇద్దరూ 241, సూపర్ ఓవర్లో ఇద్దరూ 15, చివరికి బౌండరీలు ఎక్కువ కొట్టారని ఇంగ్లండ్‌కి కప్పు ఇచ్చారు. న్యూజిలాండ్ ఫీల్డర్ బౌల్ట్ ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ క్యాచ్ పట్టి రోప్ తొక్కేశాడు, గప్టిల్ విసిరిన త్రో స్టోక్స్ బ్యాట్‌కి తగిలి ఫోర్ పోయింది, అన్యాయం అంటే అంత అన్యాయం ఇంకోటి ఉండదు. అయినా ఓడిపోయాక న్యూజిలాండ్ కెప్టెన్ విలియమ్సన్ ఎలా నిలబడ్డాడో, ఎవరి మీదా ఒక్క మాట జారకుండా ఎలా మాట్లాడాడో చూపించండి. ఇది మీ బాబుకి కూడా.

మీ బాబు సంగతి. "నువ్వు అరవట్లేదా" అన్నాడు చూశారా, వాడు ఎదురు తిరగట్లేదండీ, ఎక్కడ నేర్చుకున్నాడో చెప్తున్నాడు. ఇంట్లో ఓడిపోతే ఎవర్నో ఒకర్ని అనాలి అని చూశాడు, పాప మీద అనలేడు కాబట్టి ఫోన్లో ప్లేయర్ల మీద అంటున్నాడు. ముందు మీరు పాపకి సారీ చెప్పినట్టు వాడికి తెలియనివ్వండి, మీరే చెప్పండి వాడికి, "నేను దాని మీద అరిచింది తప్పు, సారీ చెప్పా" అని. తర్వాత అర్ష్‌దీప్ గురించి మాట్లాడండి. 2022 సెప్టెంబర్‌లో ఆసియా కప్‌లో పాకిస్థాన్ మీద ఒక క్యాచ్ వదిలేశాడు, ఆ రాత్రి సోషల్ మీడియాలో ఆ కుర్రాణ్ణి ఎన్నెన్ని మాటలన్నారో లెక్కే లేదు, దేశద్రోహి అన్నవాళ్ళు కూడా ఉన్నారు. రెండేళ్లు తిరక్కుండా అదే కుర్రాడు 2024 ఫైనల్లో 19వ ఓవర్ వేసి నాలుగు పరుగులే ఇచ్చాడు. హార్దిక్‌ని ఆ ఏడాది ఐపీఎల్‌లో స్టేడియంలో ప్రతి చోటా బూ అని అరిచారు, చివరి ఓవర్ వేసి కప్పు తెచ్చిందీ అతనే, ఏడ్చిందీ అతనే. బూతులు టైప్ చేసినవాళ్ళలో ఎంతమంది తర్వాత వెళ్ళి అవి తీసేసుంటారు? మీ బాబునే అడగండి, తను టైప్ చేసినవి ఇప్పుడు ఒకసారి పైకి చదవమనండి, మీకు వినిపించేలా. కొట్టక్కర్లేదు, ఫోన్ లాక్కోనక్కర్లేదు. తన గొంతులో తనకే వినపడితే చాలావరకు వాడే చెరిపేస్తాడు.

బావమరిదికి ముందే ఫోన్ చేసి మాట్లాడండి. ఆయన చెడ్డవాడని కాదు, ఆ మాట ఎవరింట్లోనైనా అనేస్తారు, కానీ మీ ఇంట్లో అది ఇకమీద వినపడకూడదు. "ఐరన్ లెగ్ అనొద్దు, సరదాకి కూడా వద్దు, పాప దాన్ని నిజమనుకుంటోంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒప్పుకోకుండా నవ్వేస్తే ఆ రోజుకి రావద్దనండి, కాస్త మొహమాటంగా ఉన్నా సరే, నేనైతే పాప వైపే ఉంటా. ఆడపిల్లకి ఈ మాట ఒకసారి అంటుకుంటే క్రికెట్‌తో ఆగదండీ, రేపు ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, ఏ పని చెడినా, నా వల్లేనేమో అనుకుంటుంది, అనేవాళ్ళు కూడా తయారవుతారు. ఇది చిన్న విషయం కాదు, మీరు నాకు రాసి మంచి పని చేశారు.

మన అమ్మాయిల ఫైనల్ మాత్రం తనతో మళ్ళీ మొదట్నుంచీ చూడండి, అది తను తలుపు వెనకుండి పోగొట్టుకున్న మ్యాచ్. 2017 వరల్డ్ కప్ ఫైనల్లో లార్డ్స్‌లో 229 ఛేజ్ చేస్తూ మూడు వికెట్లకి 191 దాకా వెళ్ళి తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయిన టీమ్‌లో హర్మన్‌ప్రీత్ ఉంది. 2025లో లీగ్ దశలో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిపోయిన టీమ్‌కి కెప్టెన్ కూడా తనే. షెఫాలీ వర్మ మొదట ఆ టీమ్‌లోనే లేదు, ప్రతీకా రావల్‌కి కాలు దెబ్బ తగిలితే సెమీస్‌కి ముందు పిలిచారు, ఫైనల్లో 87 కొట్టి రెండు వికెట్లు తీసింది. దీప్తి శర్మ 58 కొట్టి ఐదు వికెట్లు. సౌతాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ సెంచరీ కొట్టి భయపెడుతున్నప్పుడు అమన్‌జోత్ క్యాచ్ చూడండి, బంతి చేతుల్లోంచి జారి, మళ్ళీ జారి, మూడోసారికి దొరికింది. గెలిచాక ప్రతీకా వీల్‌చైర్‌లో గ్రౌండ్‌లోకి వచ్చి అందరితో కలిసి పండగ చేసుకుంది, ఆమెని ఎవరూ లోపలే ఉండమనలేదు. ఆ సీన్ దగ్గర మీరేం మాట్లాడొద్దు, ఊరికే పక్కన కూర్చోండి.

ఇక వచ్చే ఫైనల్ రోజు. రమ్మని ఒక్కసారి పిలవండి, బతిమాలొద్దు, ఎత్తుకొచ్చి కూర్చోపెట్టొద్దు, నాలుగైదుసార్లు పిలిస్తే అది కూడా భారమే తనకి. రాకపోతే తలుపు తెరిచి ఉంచమనండి, ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఆ గదిలో పెట్టండి, ప్రతి ఓవర్ అయ్యాక మీరే లేచి వెళ్ళి ఎన్ని వచ్చాయో చెప్పి రండి. అవును, మీరే, కీలకమైన టైమ్‌లో కూడా. మీరు లేచి వెళ్ళినప్పుడు వికెట్ పడితే తిరిగొచ్చి అది కూడా మామూలు గొంతుతో చెప్పండి. ఏదో ఒక ఓవర్‌కి ఫలానా బంతి ఎలా వేశాడు అని తనే అడుగుతుంది, అది మీరు నోటితో సరిగ్గా చెప్పలేరు, చూడ్డానికి తనే గుమ్మం దాకా వస్తుంది. గుమ్మంలో నిలబడితే నిలబడనివ్వండి, "రా కూర్చో" అనొద్దు, ఎవరూ తల తిప్పి చూడొద్దని ముందే ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

సరిగ్గా అప్పుడే వికెట్ పడొచ్చు. దీనికి మీరు ముందే సిద్ధపడి ఉండాలి, నా భయమంతా దాని గురించే. ఆ క్షణంలో తను టీవీ చూడదు, మీ మొహం చూస్తుంది. నేను చూసినట్టే. అప్పుడు ఏమనాలో ఇవాళే ఒక మాట అనుకుని పెట్టుకోండి, బౌలర్ పేరుతో మొదలయ్యే మాట, అద్దం ముందు నాలుగుసార్లు అనుకోండి, నిజంగానే అంటున్నా. మ్యాచ్ పోతే బాధగా ఉందని చెప్పండి, బాధ దాచుకుని నవ్వొద్దు, పిల్లలకి తెలిసిపోతుంది. "నాకు చాలా బాధగా ఉంది, కాసేపు మాట్లాడను, మీ మీద కోపం కాదు" అంటే చాలు. ఆ తర్వాత ఒక పది నిమిషాలు టీవీ కట్టేసి ఫోన్లు పక్కన పెట్టి అందరూ ఒకే చోట ఉండండి, బాబు కూడా. పాప నోట్‌బుక్ తెచ్చి ఇస్తే ఓపిగ్గా మొత్తం చూడండి, రెండు టీముల పేజీలూ.

మీ ఆవిడకి కూడా ఒక మాట. ఆ రోజు పాపని లోపలికి తీసుకెళ్ళి ఓదార్చింది మీరే అయ్యుంటారు, ఓదార్చారు గానీ హాల్లో నిలబడి "దాన్ననొద్దు" అని అని ఉండరు. తప్పు పట్టట్లేదమ్మా, ఆ కేకల మధ్య ఎవరికీ తోచదు. ఈసారి అలాంటి మాట ఎవరి నోట వచ్చినా అక్కడికక్కడే, పాప వింటుండగా, "అలా అనకండి" అని అనెయ్యండి.

మ్యాచ్ అయ్యాక నాకు మళ్ళీ రాయండి. ఎవరు గెలిచారో నేను టీవీలో చూసేస్తాలెండి, తను గుమ్మం దాకా వచ్చిందా, ఎన్నో ఓవర్‌లో వచ్చిందో అది రాయండి.